రెండు చేగోడీలు

చిన్నతనంలో ప్రతివాళ్ళకీ పూజగదిలో ఉండే దేవుళ్ళు కాక, బయట ఇంకో దేవుడెవరో ఉంటాడు. మా అన్నయ్యకి మొదట పటౌడీ నవాబు, ఆ తర్వాత గవాస్కర్. పేపర్లో వాళ్ళ ఫోటో పడితే చాలు, ఆ ముక్క కత్తిరించి లెక్కల నోటుబుక్కులో అంటించేసేవాడు. దాని వెనకవైపు వారఫలాలున్నాయని మా అమ్మ లబోదిబోమన్నా వినిపించుకునేవాడు కాదు. హైదరాబాదు జయసింహ చొక్కా కాలరు పైకెత్తి ఆడతాడని ఎక్కడో విని, వీడూ కాలరెత్తుకుని బజారుకెళ్ళి చింతపండు తెచ్చేవాడు.

నా దేవత ఫోటో మాత్రం ఏ పేపర్లోనూ పడలేదు. పడవలసిన అవసరమూ లేదు. మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉండేది. పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి జల్లుతూ కనిపించేది. దేవతలు కళ్ళాపి జల్లుతారా అని మీరడగొచ్చు. మా తెనాలిలో జల్లేవారు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఊరుకోరు. మా పిల్లలందరం ‘సెంటరక్క’ అనేవాళ్ళం. ఎందుకంటే ఆడపిల్లల కాలేజీ బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఆవిడ సెంటరు.

ఈ కాలం పిల్లలకి బ్యాడ్మింటన్ అంటే ఈకల షటిలే తెలుసు. మాకు బ్యాడ్మింటన్ అంటే పసుపుపచ్చ ఊలు బంతి. పెద్ద నిమ్మకాయంత ఉంటుంది. ఎనభై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు కోర్టు, మధ్యలో ఆరడుగుల ఎత్తున వల, అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, మధ్యలో ఒక్కరు. ఆ ఒక్కరే సెంటరు. ముందువాళ్ళు వదిలేసినదీ, వెనకవాళ్ళు అందుకోలేనిదీ అంతా ఆ ఒక్కరి నెత్తినే పడుతుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు లాంటి ఉద్యోగమన్నమాట. బంతి నేలని తాకకూడదు. ఇప్పుడు గేముకి 35 పాయింట్లంటున్నారు గానీ, అప్పట్లో 29కే గేము.

ఈ ఆట పుట్టింది తంజావూరు వైపునంటారు. 1956లో మొదటి జాతీయ పోటీలు జరిగింది మాత్రం మన హైదరాబాదులోనే. వరంగల్లు జమ్మలమడక పిచ్చయ్యగారికి ఈ ఆటలో 1970లో అర్జున అవార్డు వచ్చింది. నూరేళ్ళు దాటి బతికి, 2021 డిసెంబరులో వెళ్ళిపోయారాయన. నా చిన్నప్పుడు మా నాన్నగారు ఎవరైనా బాగా ఆడితే, “పిచ్చయ్యగారిలా కొట్టావురా” అనేవారు. అంతకు మించిన బిరుదు మా వీధిలో లేదు.

సరే, మా సెంటరక్క ఆట చెప్తాను. సాయంత్రం గాలి పడిపోయాక మొదలుపెట్టేవారు. గాలుంటే ఆ ఊలు బంతి ఎటు పోతుందో దానికే తెలియదు. ఓణీ నడుముకి బిగించి, రెండు జడలూ మెడ వెనక్కి ముడేసి దిగేది అక్క. మిగతావాళ్ళందరూ చెయ్యంతా ఊపి కొడితే, ఈవిడ భుజం కదిలేదే కాదు. కేవలం మణికట్టు. అట్లకాడతో అట్టు తిరగేసినంత తేలిగ్గా అలా ఓ విసురు విసిరేది. బంతి అవతల ఇద్దరి మధ్యనించి పోయి గీత మీద పడేది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు.

నా ఉద్యోగం బంతులేరడం. కోర్టు బయట తుమ్మచెట్ల కింద ముళ్ళలో పడ్డ బంతి తెచ్చి ఇవ్వాలి. అక్క ఇటు తిరిగి చూడకుండానే చెయ్యి చాపి, “ఏవమ్మాయ్, బంతి!” అనేది. నా పేరు ఆవిడకి తెలుసో లేదో కూడా నాకు తెలియదు. అక్కర్లేదనిపించేది. ఇంటికొచ్చి అట్టముక్క రాకెట్టుగా చేసుకుని, మా అమ్మ పిన్ని కొడుక్కి స్వెట్టరల్లడానికి దాచుకున్న పసుపుపచ్చ ఊలంతా చుట్టి బంతి చేశాను. ఆ బంతి నూతిలో పడింది. నా వీపు మీద ఏం పడిందో చెప్పనక్కర్లేదు.

ఇదంతా 1977 సంగతి. నాకు పదకొండేళ్ళు. ఆరో తరగతి. అక్కకి పందొమ్మిది.

ఆ యేడు దసరా వెళ్ళిన కొత్తలో అక్క యూనివర్సిటీ జట్టుకి ఎంపికైంది. పై రాష్ట్రం వెళ్ళాలి, నాలుగు రోజులు, రైల్లో. గ్రౌండులో ఒకటే సందడి. తెల్ల స్కర్టులు కుట్టిస్తారనీ, గెలిస్తే పేపర్లో ఫోటో పడుతుందనీ అనుకుంటున్నారు. అది నా చెవిన పడింది. మా అన్నయ్య నోటుబుక్కులో గవాస్కర్ పక్కన నా దేవత! ఇంక నాకు కాళ్ళు నిలవలేదు. ఈ శుభవార్త ఎవరికో ఒకరికి చెప్పకపోతే ప్రాణం పోయేలా ఉంది. పరిగెత్తుకుంటూ తిన్నగా వాళ్ళింటికే వెళ్ళాను.

అరుగు మీద అక్క వాళ్ళ మామ్మగారు వత్తులు చేసుకుంటున్నారు.

“మామ్మగారూ! అక్క తెల్ల స్కర్టేసుకుని యూనివర్సిటీ తరఫున ఆడబోతోంది! రైల్లో వెడుతున్నారు! పేపర్లో ఫోటో కూడా వేస్తారుట!”

ఆవిడ కోప్పడలేదు. అదే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. “అలాగా తల్లీ, కూచో” అన్నారు. లోపలికెళ్ళి రెండు చేగోడీలు తెచ్చి చేతిలో పెట్టారు. ఏ రైలు, ఏ రోజు, ఎంతమంది, స్కర్టు ఎంత పొడుగు, అన్నీ నెమ్మదిగా అడిగారు. నేను చేగోడీలు నములుతూ తెలిసినవీ తెలియనివీ అన్నీ చెప్పాను. స్కర్టు మోకాళ్ళ పైకే ఉంటుందని కూడా చెప్పాను. అది నాకు తెలియదు. పెద్దవాళ్ళు శ్రద్ధగా వింటుంటే ఊరికే ఉండబుద్ధేయలేదు.

ఇంట్లోవాళ్ళకి అక్కా, వాళ్ళమ్మగారూ వేరే కథ చెప్పారన్న సంగతి నాకెలా తెలుస్తుంది? కాలేజీ పిల్లలందరూ తిరుపతి వెడుతున్నారనీ, కొండెక్కి మొక్కు తీర్చుకొస్తుందనీ చెప్పి వాళ్ళ నాన్నగారిని ఒప్పించారట.

అరుపులూ కేకలూ ఏం వినపడలేదు. మర్నాడు రాకెట్టు అటకెక్కింది. కాలేజీ ఆటల మేడమ్ ఇంటికొచ్చి బతిమాలారు. వాళ్ళ నాన్నగారు ఆవిడకి మర్యాదగా కాఫీ ఇప్పించి, “సంబంధం వచ్చేలా ఉందమ్మా, ఇప్పుడీ ఆటలెందుకు?” అన్నారట. రైలు వెళ్ళిపోయింది. నవంబరు 19న దివిసీమ ఉప్పెన రోజున మా ఊళ్ళోనూ గాలివాన చెలరేగింది. గ్రౌండులో తుమ్మచెట్లతో పాటు వల కట్టే స్తంభాలూ పడిపోయాయి. వాటిని మళ్ళీ ఎవరూ నిలబెట్టలేదు. మాఘమాసంలో అక్క పెళ్ళి. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసే పెళ్ళికొడుకు. పెళ్ళిపందిట్లో నన్ను చూసి అక్క బుగ్గ గిల్లింది. తప్పించుకుని వెళ్ళి మా అమ్మ వెనక దాక్కున్నాను. ఎందుకో అప్పటికి నాకర్థమైంది.

ఆ తర్వాత ఎన్నో చూశాం. 1984లో లాస్ ఏంజిలిస్‌లో పి.టి. ఉష సెకనులో నూరోవంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకుందని దేశమంతా అయ్యో అంది. డిగ్రీ చదువుతున్న నేనూ అయ్యో అన్నాను. కానీ నాకు మటుకు రైలెక్కనే ఎక్కని మా సెంటరక్క గుర్తొచ్చింది. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం పిల్ల కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయిన రోజు టీవీ ముందు కూచుని ఏడ్చాను. “ఆవిడ గెలిస్తే నువ్వేడుస్తావేమే?” అన్నారు మావారు. ఏం చెప్పను? చేగోడీల కథ ఆయనకి కూడా చెప్పలేదు.

ఇంతకీ అసలు సంగతికొస్తాను.

2024 నవంబరులో నా కుడి మోకాలు సమ్మె చేసింది. విజయవాడలో ఫిజియోథెరపీకి పది సిట్టింగులు రమ్మన్నారు. అక్కడ అందరం మా వయసువాళ్ళమే. ఒకరికి నడుము, ఒకరికి మెడ, ఒకరికి మోకాళ్ళు. అందరిలోనూ మంచివి ఏరి కలిపితే ఒక మనిషి తయారవుతుందేమో! నా పక్క కుర్చీలో తెల్లజుట్టు ముడేసుకున్న ఒకావిడ. భుజం పట్టేసి కుడిచెయ్యి పైకి లేవడం లేదట. నైలెక్సు చీర, కళ్ళజోడు, ఒళ్ళో ఎక్స్‌రే కవరు. రెండు రోజులు ఇద్దరం కందిపప్పు ధర మాట్లాడుకున్నాం.

మూడోరోజు, వేళ్ళకి బలం రావడానికని స్పాంజి బంతి పిసుకుతున్న ఒక పెద్దాయన చేతిలోంచి బంతి జారి ఎగిరి మా వైపొచ్చింది. పక్కావిడ చూడనే లేదు. ఒళ్ళో ఉన్న ఎక్స్‌రే కవరు అలా అందుకుని, మణికట్టుతో ఇలా ఓ విసురు విసిరారు. బంతి తిన్నగా వెళ్ళి ఆ పెద్దాయన ఒళ్ళోనే పడింది. భుజం కదల్లేదు. కదిలే భుజం కాదు కూడాను.

నా గుండె ఆగినంత పనైంది.

“మీది తెనాలాండీ?” అన్నాను.

“అవునండీ, పుట్టిల్లు. మీరు...?”

“గంగానమ్మపేటలో... నేను బంతులేరేదాన్నండీ.”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఓ నిమిషం చూశారు. “పోస్టుమాస్టరుగారమ్మాయివి కదుటే! ముక్కు చీదుకుంటూ ముళ్ళల్లో తిరిగేదానివి!” అన్నారు. అండీలూ గారూలూ అక్కడితో ఎగిరిపోయాయి.

ఇంక నా ఉత్సాహం చూడండి. జిల్లా పోటీల ఫైనల్లో మూడో గేము, 27-28 దగ్గర అక్క వెనక్కి పరిగెత్తి తీసిన బంతీ, జనం చప్పట్లూ, అన్నీ వర్ణించి చెప్పాను. అక్క తాపీగా విని, “ఏమోనే, నాకు జ్ఞాపకం లేదు” అంది. నాకు ఉసూరుమంది. “బూట్లు మటుకు జ్ఞాపకం. అవి మా తమ్ముడి బూట్లు. రెండు సైజులు పెద్దవి. ముందు గుడ్డపీలికలు కుక్కుకుని ఆడాను. ఆట అయ్యేసరికి వేళ్ళ నిండా బొబ్బలు” అంది.

నేనన్ని రోజులు గీత పక్కనే కూచుని కళ్ళార్పకుండా చూశాను కదా, ఆ బూట్లు నాకు కనపడనే లేదు.

“భిలాయిలో ఆడలేదా అక్కా?”

“లేడీస్ క్లబ్బులో తంబోలా ఆడాను” అంది నవ్వుతూ. పిల్లల సంగతి చెప్పింది, పోయిన భర్త సంగతి చెప్పింది. ఆట సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఐదో సిట్టింగు నాడు నాకు దాచుకోవడం చేతకాలేదు. అరుగూ, వత్తులూ, చేగోడీలూ అన్నీ చెప్పేశాను. చెప్తే గుండెల మీది బరువు దిగిపోతుందనీ, అక్క నవ్వేసి, “పోనీలేవే, చిన్నపిల్లవి” అంటుందనీ నా ఆశ.

అక్క నవ్వలేదు. చాలాసేపు మాట్లాడలేదు.

“నువ్వా?” అంది చివరికి. “అమ్మకీ నాకూ కాక ఈ సంగతి తెలిసింది మా తమ్ముడికొక్కడికే. ముందురోజు సినిమాకి డబ్బులడిగితే నేనివ్వలేదు. ఆ కక్షతో వాడే చెప్పాడనుకున్నాను. అమ్మ మీద ఒట్టేసి, నేను కాదే అక్కా అన్నాడు. నమ్మలేదు. వాడి పెళ్ళికి అక్షింతలు వేసి భోజనం చెయ్యకుండా వచ్చేశాను. వాడింటి గృహప్రవేశానికి వెళ్ళలేదు. హైదరాబాదులోనే ఉంటాడు. ఏటా సంక్రాంతికి రమ్మని ఫోను చేస్తాడు. నాకేదో ఒక నొప్పి ఉందని చెప్తాను.”

ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మావారికి మొదటిసారి కథంతా చెప్పాను. ఆయన పేపరు మడిచి, “నలభై ఏడేళ్ళు నోరు మూసుకున్నదానివి, ఇంకో నాలుగేళ్ళు మూసుకోలేకపోయావా?” అన్నారు. అదీ నిజమేనేమో అనిపించింది. నా బరువు దింపుకోవడానికి తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టి వచ్చానన్నమాట. పదకొండేళ్ళప్పుడు సంతోషం పట్టలేక చెప్పాను. యాభై ఎనిమిదేళ్ళప్పుడు బాధ పట్టలేక చెప్పాను. రెండుసార్లూ, వినేవాళ్ళకి ఏమవుతుందోనని ఆలోచించలేదు. ఈ మాట మీతో చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను. ఏ తప్పు ఒప్పుకుంటే మంచిదో, ఏది కడుపులో పెట్టుకోవడం మంచిదో నాకింకా తెలియదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.

పదో సిట్టింగు నాడు మోకాలికి కరెంటు పెట్టించుకుంటూ కూచున్నాను. తలుపు తోసుకుని అక్క వచ్చింది. వెనక బట్టతల పెద్దమనిషి ఒకాయన, చేతిలో స్టీలు డబ్బా.

“వీడే” అంది అక్క నన్ను చూపించకుండానే, ఆయన్ని చూపించి.

ఆయన నా ఎదురుగా కూచున్నారు. “నలభై ఏడేళ్ళు జైల్లో ఉన్నానమ్మా. అసలు దొంగ దొరికిందని మొన్న వదిలేశారు” అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు. అక్క కిటికీ వైపు చూస్తూ నిలబడింది. ఫోను చేసి చెప్తే సరిపోయేదానికి, అక్క తెల్లవారుజామున రైలెక్కి హైదరాబాదు వెళ్ళిందట. ముందు చెప్పకుండా వాళ్ళింటి గుమ్మంలో నిలబడిందట. మరదలు ఎవరో అనుకుని, ఎవరు కావాలండీ అని అడిగిందట.

స్టీలు డబ్బా మూత తీశారు. నిండా చేగోడీలు. “మా ఆవిడ చేసింది. మా మామ్మ చేసినంత గుల్లగా ఉండవు. తీసుకోండి” అన్నారు. తీసుకున్నాను. గొంతు దిగడం కష్టమైంది గానీ, తిన్నాను. రెండే.

అక్క నాతో, “పోనీలే” అనలేదు. నేను ఎదురుచూశాను, కానీ అనలేదు. అనాలని ఎక్కడుంది? పోయిన రైలు పోయినట్టే. తమ్ముడితో తినని సంక్రాంతి భోజనాలూ పోయినట్టే. భుజానికి సెగ పెట్టించుకుని, చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూడమన్నాడు డాక్టరు కుర్రాడు. చెవి దాకా లేచింది. మొదటిరోజు గడ్డం దాకానే లేచేది.

అక్క స్పాంజి బంతి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మణికట్టుతో ఓ చిన్న విసురు విసిరింది. పట్టుకుందామని చెయ్యి చాపాను. ఎప్పటిలాగే తప్పించుకుని నా పక్కనించి పోయి మూలనున్న బెంచీ కింద దూరింది.

అక్క ఇటు తిరిగి చూడకుండానే చెయ్యి చాపింది.

“ఏవమ్మాయ్, బంతి!”

వంగకూడదని డాక్టరు మరీ మరీ చెప్పిన మోకాలుతో, గోడ పట్టుకుని లేచి వెళ్ళి, వంగి తెచ్చి ఇచ్చాను.